చిన్న వేషాల సాధకుడు హ్యారీ డీన్ స్టాంటన్

అమెరికన్ సినిమా చరిత్రను తారల చరిత్రగా రాయడం పరిపాటి అయినప్పటికీ, ఆ తారలు తిరిగే లోకాన్ని ప్రేక్షకుడు నమ్మగలుగుతున్నాడంటే అందుకు ప్రధాన కారకులు పోస్టరు మీద పేరు పడని నటులే. షెరీఫ్, జైలు కాపలాదారు, బార్ యజమాని, కథానాయకుడి పాత నేస్తం వంటి వేషాలు ధరించి, రెండు మూడు సన్నివేశాల వ్యవధిలోనే ఒక నిండు జీవితాన్ని తెర మీదికి తీసుకురాగల ఈ నటులను అక్కడ క్యారెక్టర్ యాక్టర్లు అంటారు. తెలుగు చిత్రసీమలో గుమ్మడి వెంకటేశ్వరరావు వంటి క్యారెక్టర్ ఆర్టిస్టులు సాగించిన వృత్తి కూడా ఈ కోవకు చెందినదే. అయితే మన క్యారెక్టర్ ఆర్టిస్టుకు కుటుంబ పెద్దగానో జమీందారుగానో కథలో బరువైన స్థానం తరచు దక్కుతుండగా, హాలీవుడ్‌లో ఈ వృత్తిని నమ్ముకున్నవారు ఎన్నోసార్లు పేరైనా లేని పాత్రలతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

1930, 40 దశకాల్లో పెద్ద స్టూడియోలు ఇటువంటి నటులను ఒప్పందాల మీద జీతానికి ఉంచుకుని, ఒక చిత్రం నుంచి మరో చిత్రానికి పంపుతూ ఉండడంతో ఈ సంప్రదాయానికి గట్టి పునాది ఏర్పడింది. 1936 నాటి చిత్రాలకు ఆస్కార్ అవార్డులు ఇచ్చే సందర్భంలో సహాయ నటులకు ప్రత్యేక విభాగం మొదలుకాగా, తొలి పురస్కారం వాల్టర్ బ్రెన్నన్‌కు దక్కింది. సినిమా హాళ్ళపై స్టూడియోలకున్న పెత్తనాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1948లో దెబ్బతీసిన తర్వాత ఆ జీతాల ఏర్పాటు క్రమంగా సడలిపోయింది కాని, అదే కాలంలో ఇంటింటికీ చేరుతున్న టెలివిజన్ ఈ నటులకు కొత్త ఆధారమైంది. వారం వారం కొత్త కథ నడిపే కౌబాయ్ ధారావాహికలకు ప్రతి వారమూ ఒక కొత్త దొంగ, ఒక కొత్త సాక్షి, ఒక కొత్త బాధితుడు కావలసి వచ్చేవారు.

హ్యారీ డీన్ స్టాంటన్ ఆ అవసరం కల్పించిన దారిలోనే వచ్చినవారు. 1926 జూలై 14న కెంటకీ రాష్ట్రంలోని వెస్ట్ అర్విన్‌లో జన్మించిన ఆయన, రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళంలో వంటవాడిగా పనిచేసి, ఒకినావా యుద్ధ సమయంలో నౌక మీద ఉండి, తిరిగి వచ్చాక కెంటకీ విశ్వవిద్యాలయంలో చదువుతూ రంగస్థలానికి దగ్గరై, ఆ తర్వాత కాలిఫోర్నియాలోని పాసడీనా ప్లేహౌస్ అనే నాటకశాలలో శిక్షణ పొందారు. 1950, 60 దశకాల్లో ‘గన్‌స్మోక్’ వంటి ధారావాహికల్లో పలుమార్లు కనిపించారు. ఎండకు వాడినట్టున్న సన్నని ముఖం, లోతుకు పోయిన కళ్ళు ఉండడంతో దర్శకులు ఆయనకు నేరస్థుల పాత్రలే ఎక్కువగా ఇచ్చేవారు. ముఖాన్ని బట్టి వేషం ఇచ్చే ఈ పద్ధతి నటుడిని ఒకే మూసలో బిగించేదే అయినా, ఆ మూసలోనే మనిషికీ మనిషికీ తేడా చూపడం నేర్చుకున్నవాడు నిలదొక్కుకుంటాడు. స్టాంటన్ నేర్చుకున్నది అదే.

ఆయన నటనకు మూలసూత్రం తగ్గించుకోవడం. మాంటీ హెల్మన్ దర్శకత్వంలో 1966లో వచ్చిన ‘రైడ్ ఇన్ ద వర్ల్‌విండ్’ చిత్రానికి రచన చేసిన మిత్రుడు జాక్ నికల్సన్, ప్రత్యేకంగా ఏమీ చేయవద్దనీ, వేషం పని వేషధారణకే వదిలి నువ్వు నువ్వుగా ఉండమనీ తనకు సలహా ఇచ్చాడని స్టాంటన్ తర్వాతి కాలంలో చెప్పుకునేవారు. ఈ సలహాను సోమరితనానికి అనుమతిగా తీసుకుంటే పొరపాటే అవుతుంది. ఏమీ చేయకుండా ఉండాలంటే ఎదుటి నటుడి మాటను అప్పుడే మొదటిసారి విన్నట్టు వినాలి, ఆ వినడం కెమెరాకు అందాలి, అందుతున్నదన్న ఎరుక మాత్రం ముఖంలో కనబడకూడదు. ఇది ఏళ్ళ తరబడి సాధన చేస్తే తప్ప పట్టుబడే విద్య కాదు.

1978 నాటి ‘స్ట్రెయిట్ టైమ్’ చిత్రంలోని ఒక సన్నివేశం ఈ విద్యకు చక్కని ఉదాహరణ. నేరజీవితం మానుకుని భార్యతో స్థిరపడిన జెర్రీ అనే పాత్రలో స్టాంటన్, ఇంటి వెనుక ఈతకొలను పక్కన కూర్చుని, జైలు నుంచి వచ్చిన పాత నేస్తానికి (డస్టిన్ హాఫ్‌మన్) ఆతిథ్యమిస్తూ, చూసేవారికి తృప్తిగా బతుకుతున్న గృహస్థుగా కనిపిస్తాడు. భార్య అక్కడి నుంచి లేచి వెళ్ళగానే, కూర్చున్న తీరు పెద్దగా మారకుండానే, గొంతు పెంచకుండానే, తనను ఈ బతుకు నుంచి బయటపడేయమని నేస్తాన్ని వేడుకుంటాడు. మరొక నటుడైతే ఆ సౌఖ్యం నటనేనని ముందే కనుసైగతో తెలియజేసేవాడు. స్టాంటన్ ఆ సౌఖ్యాన్ని నిజమైన సౌఖ్యంగానే నటించడం వల్ల, ఆ ఒక్క మాటతో అప్పటిదాకా చూసినదంతా ప్రేక్షకుడి మనసులో తలకిందులవుతుంది. పాత్ర దాచుకున్న దానిని నటుడు కూడా దాచిపెట్టాలన్న నియమం ఇంత స్పష్టంగా కనబడే సన్నివేశాలు అరుదు.

రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ (1979) కథ అంతరిక్షంలో జరిగినా, అందులో స్టాంటన్ ధరించిన బ్రెట్ పాత్ర మాత్రం ఏ కర్మాగారంలోనైనా తారసపడే కార్మికుడే. వాటా డబ్బు సరిగా అందడం లేదని గొణుగుతూ, సహచరుడు ఏది అన్నా ‘రైట్’ అంటూ తల ఊపే ఈ మనిషి, తప్పిపోయిన పిల్లిని వెదుకుతూ పై నుంచి నీళ్ళు కారుతున్న గదిలోకి వెళ్ళి, టోపీ తీసి, ముఖం పైకెత్తి ఆ నీటిని కాసేపు ముఖం మీద పడనిస్తాడు. కథకు ఏ విధంగానూ అవసరం లేని ఈ చిన్న పనితో అలసిన ఒక శరీరం ప్రేక్షకుడికి పరిచయమవుతుంది కనుకనే, క్షణాల తర్వాత ముంచుకొచ్చే మరణం కేవలం భయాన్ని కాక జాలిని కూడా కలిగిస్తుంది.

మూడు దశాబ్దాల చిన్న వేషాల తర్వాత, 57 ఏళ్ళ వయసులో, ఆయన ప్రధాన పాత్రధారిగా విమ్ వెండర్స్ చిత్రం ‘పారిస్, టెక్సాస్’ 1984లో వెలువడి, కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారమైన పామ్ దోర్‌ను గెలుచుకుంది. అందంతో, సున్నితత్వంతో కూడిన పాత్ర ఒకటి చేయాలని ఉందని ఆయన రచయిత సామ్ షెపర్డ్‌తో చెప్పుకున్న తర్వాత ఈ అవకాశం వచ్చింది. కథానాయకుడైన ట్రావిస్ మొదటి 25 నిమిషాల వరకు దాదాపు నోరే విప్పడు. చివరి భాగంలో, అవతలివారికి తాను కనబడని అద్దం ముందు కూర్చుని, విడిపోయిన భార్యతో టెలిఫోనులో మాట్లాడుతూ, చెప్పబోయే గతం భారమై కుర్చీని అటువైపు తిప్పుకుని, ఆమెకు వీపు పెట్టి, ఎవరో ఇద్దరి కథలా తమ కథనే చెబుతాడు. ఆ సుదీర్ఘ ప్రసంగంలో ఒక్క మాటనైనా ఒత్తి పలకకుండా సాగిన తీరు గమనిస్తే, ఇది ప్రధాన పాత్ర కోసం కొత్తగా అలవరచుకున్న శైలి కాదనీ, పేరులేని వేషాల్లో పోగుచేసుకున్న విద్యేననీ అర్థమవుతుంది.

అటుపిమ్మట కూడా ఆయన చిన్న వేషాలను చులకన చేయలేదు. డేవిడ్ లించ్ ‘ద స్ట్రెయిట్ స్టోరీ’ (1999)లో ఒక వృద్ధుడు గడ్డికోత యంత్రం మీద వందల మైళ్ళు ప్రయాణించి వచ్చి చూసే జబ్బుపడ్డ సోదరుడిగా, చిత్రం చివరి నిమిషాల్లో మాత్రమే కనిపిస్తారు. ప్రయాణమంతా ఎవరి కోసం సాగిందో ఆ మనిషి అంత ప్రయాణానికి తగినవాడేనని ఆ కొద్ది నిమిషాల్లో, చెమ్మగిల్లిన కళ్ళతో నిరూపించవలసిన బాధ్యత ఆయనది. 2006లో మొదలైన టెలివిజన్ ధారావాహిక ‘బిగ్ లవ్’లో బహుభార్యాత్వాన్ని పాటించే మతవర్గానికి నాయకుడైన రోమన్ గ్రాంట్‌గా, మెత్తని గొంతుతోనే భయం పుట్టించారు. 2017 నాటి ‘ట్విన్ పీక్స్: ద రిటర్న్’లో, వాహనం ఢీకొని మరణించిన బిడ్డను పట్టుకుని రోదిస్తున్న తల్లి దగ్గరకు, చుట్టూ ఉన్నవారంతా దూరంగా నిలబడిపోగా, నడిచి వచ్చి ఆమె భుజం మీద చేయి వేసే ముసలివాడు ఆయనే.

స్టాంటన్ లేదా ఎమ్మెట్ వాల్ష్ సహాయ పాత్రలో ఉన్న ఏ చిత్రమూ పూర్తిగా చెడ్డది కాజాలదని విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒక నియమమే ప్రతిపాదించారు. దీనికి మినహాయింపులు ఉన్నాయని తర్వాత ఆయనే అంగీకరించినా, అందులోని తీర్పు సరైనదే. నటుడి విలువను అతడు తెర మీద ఉన్న నిమిషాలతో కొలిచే అలవాటు అమెరికాలోనూ మన దగ్గరా బలంగానే ఉంది కాని, ఆ కొలతకు ఈ విద్య అందదు.

స్టాంటన్ 2017 సెప్టెంబరు 15న, 91 ఏళ్ళ వయసులో లాస్ ఏంజెలెస్‌లో మరణించారు. ఆయన ప్రధాన పాత్ర ధరించిన ‘లక్కీ’ మరో రెండు వారాలకు అమెరికా థియేటర్లలో విడుదలైంది. దానికి దర్శకత్వం వహించిన జాన్ క్యారల్ లించ్ కూడా ఇదే వృత్తిలోని నటుడు. ఆస్కార్‌కు స్టాంటన్ పేరు ఒక్కసారైనా ప్రతిపాదన స్థాయికి చేరలేదన్నది ఆ పురస్కారాలకే లోటు. ఆయనను కొత్తగా చూడబోయేవారు ‘పారిస్, టెక్సాస్’ కంటే ముందు ‘స్ట్రెయిట్ టైమ్’ చూసి, ఆ ఈతకొలను సన్నివేశం దగ్గర ఒకసారి ఆగి, దానిని మళ్ళీ మొదటి నుంచి చూడడం మంచిది.