నొప్పే లేదు గదా అంటే భయం

యాసంగి వడ్లు కల్లాల్లోకి వచ్చే ఏప్రిల్, మే నెలల్లో కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఏ ఊరి మీదుగా పోయినా కొనుగోలు కేంద్రాల దగ్గర ఒకటే పని కనిపిస్తుంది. ఆరబోసిన వడ్లల్లో మనుషులు ఒట్టి కాళ్ళు ఈడ్చుకుంటూ చాళ్ళు తీస్తుంటారు. అడుగు గింజ పైకి రావాలంటే అట్లా తిరగేయాల్సిందే. సాగర్ ఎడమ కాలువ కింద పెరిగినదాన్ని, నాకూ ఆ నడక వచ్చు. కింద సిమెంటు కాలుతుంటే అడుగులు వాటంతటవే గబగబా పడతాయి.

మా చిన్నాయన అడుగులు ఆ రోజు గబగబా పడలేదు. మిట్టమధ్యాహ్నం గంటసేపు వడ్లు తిరగేసి వచ్చి మంచం మీద కాళ్ళు చాపుకున్నాడు. మంచినీళ్ళు ఇయ్యబోయిన చిన్నమ్మ చూసింది. ఎడమ అరికాలి నిండా బొబ్బ. అది పగిలి, ఆ తడికి వడ్లగింజలు అతుక్కుని ఉన్నాయి. "ఇదేందయ్యా!" అని ఆమె మొత్తుకుంటే, కాలు తిప్పి చూసుకుని "నొప్పే లేదు గదనే" అన్నాడు. పదిహేనేళ్ళ షుగరు ఆయనది. నొప్పి లేదన్న ధీమాతో వారం రోజులు పసుపు అద్దుకుని తిరిగాడు. ఆఖరికి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది.

అప్పటి నుంచి ఆ మాటంటే నాకు భయం. ఏళ్ళ తరబడి చక్కెర అదుపులో లేకపోతే పొడుగాటి నరాల కొసలు ముందు దెబ్బతింటాయి. ఆ కొసలుండేది కాలివేళ్ళలోనే. మొదట తిమ్మిర్లు, రాత్రిపూట మంటలు. ఒకనాటికి మంట తగ్గుతుంది, హమ్మయ్య అనుకుంటాం. చాలాసార్లు అది నయం కావడం కాదు, నరం మొద్దుబారడం. రక్తనాళాలు కూడా సన్నబడితే చిన్న గాయమైనా మానదు. బీడీ తాగేవాళ్ళకు ఆ ముప్పు మరీ ఎక్కువ.

నొప్పి తెలియకపోవడం ఎంత ముప్పో లోకానికి విడమర్చిన వైద్యుల్లో పాల్ బ్రాండ్ ఒకరు. తమిళనాడు కొండల్లో పుట్టి, వేలూరులో కుష్ఠురోగుల చేతులూ కాళ్ళూ బాగుచేసిన సర్జన్. వాళ్ళ వేళ్ళు రోగంతో రాలిపోవడం లేదని, స్పర్శ లేక తెలియకుండా తగిలే దెబ్బలతోనే పోతున్నాయని ఆయన గుర్తించారు. రాత్రి ఎలుకలు కొరికినా రోగులకు తెలిసేది కాదు. అందుకని ఇంటికి పంపేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక పిల్లినిచ్చి పంపేవారట! 1966లో అమెరికా వెళ్ళాక అదే జ్ఞానం షుగరు రోగుల పాదాలకూ పనికొచ్చింది. ఇప్పుడు డాక్టర్లు రాసే మెత్తని ఎంసీఆర్ చెప్పులు కూడా కుష్ఠురోగుల కోసం వాడుకలోకి వచ్చినవే.

సూర్యాపేటలో మా అమ్మకూ షుగరే. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఆమె పాదాలు నా ఒళ్ళోకి వస్తాయి. మొదట్లో "నా కాళ్ళు నువ్వు పట్టుకునుడేందే" అని ముడుచుకునేది. గోరువెచ్చని నీళ్ళతో కడుగుతాను, వేడి ఎంతుందో నా మోచేత్తో చూసి. పాత నూలుచీర ముక్కతో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ తుడుస్తాను. తేమ నిలిస్తే అక్కడే ఒరుస్తుంది, అందుకే కొబ్బరినూనె మడమలకే గాని సందుల్లోకి పోనీయను. గోళ్ళు అడ్డంగా, తిన్నగా కత్తిరిస్తాను. మూలలు తవ్వను. ఆనెకాయను బ్లేడుతో చెక్కడం, మందుల షాపులో పట్టీ కొని అంటించడం, తిమ్మిరెక్కిందని ఇటుక కాపడం పెట్టడం మా ఇంట్లో బంద్. చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముతాం. ఒకసారి తుమ్మముల్లు దొరికింది, అట్ట దాటి పైకి పొడుచుకొచ్చి. అమ్మ దాని మీదే పొద్దంతా నడిచింది.

నా బిడ్డ చేసే పరీక్ష ఇంకొకటుంది. అమ్మమ్మ కళ్ళు మూసుకుంటే, రెండు కాళ్ళ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసల్ని చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు అలా తాకుతుంది. ఒత్తకూడదు, గీకకూడదు. ఆరు చోట్లలో రెండు తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే లెక్క. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో ప్రకటించిన పద్ధతి ఇది. పైసా ఖర్చు లేదు. అమ్మకు ఎడమ చిటికెన వేలు, నడిమి వేలు తెలియలేదు. అందుకే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఈసారి ఒట్టికాళ్ళతో నడవనీయను. లింగమంతుల స్వామి ఏమీ అనుకోడని అమ్మను ఒప్పించాను. గుడి లోపలికి మందపాటి మేజోళ్ళు.

మన దేశంలో 10 కోట్ల మందికి షుగరు ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. పీహెచ్‌సీల్లో గోలీలు ఇస్తున్నారు, వేలు గుచ్చి చక్కెర చూస్తున్నారు. సిస్టరమ్మలకు, డాక్టరు గార్లకు నా విన్నపం ఒక్కటే: ఆ వచ్చినవాళ్ళ చెప్పులు విప్పించి అరికాళ్ళు కూడా చూడండి. షుగరున్నవాళ్ళకూ ఒక మాట: వాళ్ళు చూడకపోతే మీరే అడగండమ్మా. "నా కాళ్ళు జర చూడుండ్రి" అనండి, మొహమాటపడకండి. పుండు గాని, నల్లబడ్డ వేలు గాని, ఒక కాలే వెచ్చగా వాచి ఉండడం గాని కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, ఆ రోజే ఆసుపత్రికి పోండి.