'తల్లీబిడ్డలు' ద్వంద్వ సమాసమేనా?

'తల్లీబిడ్డలు' అన్న మాటకు విగ్రహవాక్యం చెప్పమంటే 'తల్లియును, బిడ్డలును' అంటాం. ద్వంద్వ సమాసం, రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం. 'తల్లిపాలు' అలా కాదు, షష్ఠీ తత్పురుష. ప్రాధాన్యమంతా పాలది, తల్లి వట్టి విశేషణం. పేద తల్లీబిడ్డల కోసం ప్రభుత్వాలు రాసుకున్న పత్రాలు చదివినప్పుడల్లా నాకు ఈ వ్యాకరణమే గుర్తొస్తుంది. పేరులో ద్వంద్వం, ఆచరణలో తత్పురుష.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకానికి లక్ష్యాలు అయిదు. నాలుగింటిలో పిల్లల పోషణ, ఎదుగుదల, మరణాల తగ్గింపు, శాఖల సమన్వయం ఉన్నాయి. అయిదోదానిలో తల్లి కనిపిస్తుంది, అదీ బిడ్డ ఆరోగ్యాన్ని చూసుకునే సామర్థ్యం ఆమెలో పెంచాలని. ఆమె కూలి, ఆమె అలసట ఆ లక్ష్యాల్లో లేవు. తండ్రి అసలే లేడు. బిడ్డ చిక్కిపోతే తప్పు తల్లి తెలియనితనానిదే అన్న తీర్పు ఈ వాక్యంలోనే పొంచి ఉంది.

అయితే మనం మెచ్చుకోవలసిన సంగతి కూడా ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన 'ఇందిరమ్మ అమృత హస్తం', తెలంగాణలో 2015లో వచ్చిన 'ఆరోగ్య లక్ష్మి' గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి పెట్టాలన్నాయి. ఇంటికిస్తే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో మనకు తెలియంది కాదు. అందరూ తిన్నాక అడుగూబొడుగూ తినే మనిషికి ముందుగా వడ్డించిన అన్నం అది. కుటుంబం లోపలి అసమానతను ఒక ప్రభుత్వ నిబంధన ఇంత సూటిగా ఒప్పుకోవడం అరుదు.

కానీ ఆ మధ్యాహ్నం ఆమె ఎక్కడుంటుందని ఆ నిబంధన అడగలేదు. పొద్దున్నే నాట్లకో కలుపుకో పోయిన మనిషి అన్నం కోసం ఊళ్లోకి రావాలంటే ఆ పూట కూలి వదులుకోవాలి.

ఈ ప్రశ్న ముందే అడిగినవాళ్లున్నారు. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ భవన నిర్మాణ స్థలంలోనే పిల్లల కేంద్రం తెరిచారు. మొబైల్ క్రెషెస్ సంస్థకు అదే మొదలు. అక్కడ కేంద్రమే తల్లి పనిచేసే చోటికి వెళ్లింది. తర్వాత చట్టాలూ ఈ ఆలోచనను కొంత అందుకున్నాయి. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట పిల్లలకు గది ఉండాలంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోటికి తల్లుల వెంట అయిదుగురు పసిపిల్లలొస్తే చూసుకోవడానికి ఒకరిని పెట్టాలంది. ఇక్కడ తల్లి కార్మికురాలిగా కనిపించింది. అయినా లెక్కపెట్టింది ఆడకూలీలనే. మగకూలీలకూ పిల్లలుంటారన్న ఊహ రాలేదు.

ఇక అన్నం వడ్డించే స్త్రీ సంగతి. అంగన్‌వాడీ కార్యకర్తకూ, ఆయాకూ ఇచ్చేది జీతం కాదట, 'గౌరవ వేతనం'. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మె చేస్తే 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఉద్యోగం కాని పని, సమ్మె చేయగానే అత్యవసర సేవ అయిపోయింది. తల్లి చాకిరీని ప్రేమ అన్నట్టే, ఈమె చాకిరీని గౌరవం అన్నారు.

'అమ్మ' పేరుతో పథకాలు వస్తూనే ఉంటాయి. కూలి గంటలంతసేపూ తెరిచి ఉండే కేంద్రం, దాన్ని నడిపే స్త్రీకి జీతం, పెంపకంలో తండ్రికీ బాధ్యత: ఈ మూడూ రానిదే ఏ పథకంలోనూ తల్లి విశేషణం నుంచి నామవాచకం కాలేదు.