డీవో చూడటం ఒక విద్య

భావనపాడు తీరంలో రొయ్యల చెరువు గట్టు మీద తెల్లారగట్ల ఎవరిని పలకరించినా ముందు వచ్చే మాట ‘డీవో ఎంతుంది?’. నీటిలో కరిగిన ఆక్సిజన్ అన్నమాట. రాత్రంతా నాచూ బ్యాక్టీరియా రొయ్యలూ కలిసి దాన్ని వాడేసుకుంటాయి, పొద్దు పొడిచే ముందు బాగా పడిపోతుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు పట్టుకుంటే, సముద్రపు నీరు ఆరుకు కాస్త పైన ఆగిపోతుంది. వనామీ రొయ్యకు అది నాలుగు కన్నా తగ్గితే గండమే. ఆ రెండు మిల్లీగ్రాముల మధ్యే రైతు పెట్టుబడంతా ఊగుతుంటుంది.

ఆ అంకెను తేల్చే పద్ధతిని హంగరీ రసాయనవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించాడు. నా దృష్టిలో దాన్ని మించింది నేటికీ రాలేదు. 300 మిల్లీలీటర్ల సీసాను బుడగ చేరకుండా నీటితో పొర్లించి నింపాలి. పిపెట్ మొన నీటిలో ముంచి మాంగనీస్ సల్ఫేట్, వెంటనే క్షారంతో కూడిన అయోడైడ్ వదలాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. ఆమ్లం పోస్తే మడ్డి కరిగి, ఉన్న ఆక్సిజన్‌కు సరిసమానంగా అయోడిన్ విడుదలవుతుంది. ఇక బ్యూరెట్ పని. థయోసల్ఫేట్ దించుతూ, రంగు లేత పసుపుకు రాగానే గంజి వేయాలి, ముదురు నీలం వస్తుంది. అక్కడి నుంచి చుక్క చుక్క. చెయ్యి తిరిగిన టెక్నీషియన్ సీసా తిప్పుతూ, ఒక్క చుక్కతో నీలాన్ని మాయం చేసి అక్కడే కుళాయి బిగిస్తాడు. మళ్లీ చేసినా అదే అంకె. ఎంత గొప్ప పనితనం!

ఈ విద్యకు మనమేమీ పరాయివాళ్లం కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్ష నీలిరంగు గాఢతతోనే లెక్క తేల్చి ప్రపంచ ప్రయోగశాలల్లో నిలిచింది.

మీటర్లూ గొప్పవే. లీలాండ్ క్లార్క్ పొర కప్పిన ఎలక్ట్రోడ్‌కు 1959లో పేటెంట్ వచ్చింది, క్షణాల్లో అంకె చూపుతుంది. కానీ ఆ పొర పాతబడితే, లోపలి ద్రావణం ఎండితే, అదే మీటరు నమ్మకంగా అబద్ధం చెబుతుంది. ఇక గడువు తీరిన చుక్కల కిట్లు, రంగు కార్డులు! నాలుగా, అయిదా అన్నది కంటి అంచనాకు వదిలేసే సరుకును ‘ల్యాబ్ రిపోర్టు’ పేరుతో రైతు చేతిలో పెట్టడం దగా. ఆ కాగితాన్ని నమ్మి, చెరువుకు గాలి అందించే ఏరేటర్ ఆపిన రాత్రికి ఎవరు జవాబుదారీ?

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ పట్టిన పిల్లలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లను పిలిచి ఈ పని నేర్పండి. రైతు సోదరులారా, ల్యాబ్‌కు వెళితే నిలదీయండి: నీటిని గట్టు మీదే సీసాలో బిగించారా? థయోసల్ఫేట్ బలాన్ని డైక్రోమేట్‌తో ఎప్పుడు సరిచూశారు? మీటరు పొర ఎప్పుడు మార్చారు? జవాబు తడబడితే డబ్బు ఇవ్వకండి.