దక్కనులో ఎల్మ్ వేట: బోన్సాయి కళపై ఒక విమర్శ

అఫ్జల్‌గంజ్‌లో మూసీనది ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తినప్పుడు, సుమారు 150 మంది ఆ చెట్టు కొమ్మలను పట్టుకొని ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. అక్కడినుండి ఆబిడ్స్ వైపు నడచిపోవువారికి పాత సున్నపు గోడల పగుళ్ళలో జానెడు ఎత్తు రావి మొక్కలు, జువ్వి మొక్కలు కనబడుచుండును. అడవి చెట్లను తవ్వి తెచ్చి బోన్సాయిగా పెంచవలెనని ఉత్సాహపడువారు ఈ చింతను, ఈ గోడ మొక్కలను చూచి నేర్చుకొనదగినది చాలా ఉన్నది. కాని వారి చూపు వీనిపై లేదు. ఎల్మ్ చెట్టుపై ఉన్నది.

బోన్సాయి యనగా జపాను భాషలో పళ్ళెములో నాటిన మొక్క. అది పుట్టుకతో పొట్టిజాతి కాదు. వేళ్ళను, కొమ్మలను మితముగా కత్తిరించుచు, చిన్న పళ్ళెములో నిలుపుటవలన చెట్టు చిన్నదిగా ఉండును. దాని గింజను నేలలో నాటినచో మామూలు వృక్షమే అగును. అయితే పళ్ళెములో పెరుగు మొక్కకు కాండము లావెక్కుటకు ఎంతో కాలము పట్టును. అందుచేత కొండలలో గాలికి, మంచుకు, పశువుల మేతకు గిడసబారిన చెట్లను తవ్వి తెచ్చుట జపానులో ఆచారమైనది. దానిని వారు ‘యమదోరి’ యందురు. ఎల్మ్ ఇందుకు బాగుగా లొంగినది. చైనా ఎల్మ్ ఆకు రెండు మొదలు ఐదు సెంటీమీటర్లు మాత్రమే. ముదురు కాండమును మొద్దుగా నరికినను దానినుండి కొత్త మొగ్గలు పుట్టును. వేళ్ళను సగము పోగొట్టుకొన్నను తట్టుకొనగలదు. అమెరికాలోని టెక్సాసులో మెట్ట భూములయందు పెరుగు చిన్నాకుల ఎల్మ్‌ను ఆ దేశపు బోన్సాయి ప్రియులు ఇట్లే తవ్వి తెచ్చుకొందురు.

మరి తెలుగునాట ఎల్మ్ ఎక్కడిది? అసలైన ఎల్మ్ ప్రజాతి మన దేశమున హిమాలయ ప్రాంతములకు చెందినది. దక్కనులో ఉన్నది దాని చుట్టము, నెమలినార. సామర్లకోటలో ఉండి తెలుగుతీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో దీనిని ఎల్మ్ ప్రజాతిలోనే చేర్చి ‘ఉల్మస్ ఇంటిగ్రిఫోలియా’ అని పేరిడెను. 1848లో ప్లాంషోన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వేరుచేసి ‘హోలోప్టీలియా’ అను ప్రజాతిని ఏర్పరచెను. ఈ చుట్టరికమును పట్టుకొని నెమలినారను ‘మన ఎల్మ్’ అని పిలిచి, ఎల్మ్‌కు చెప్పిన విధులన్నియు దీనికి చేయుట పొరపాటు. ఇది చక్కగా ఎదుగు పెద్ద వృక్షము. ఆకు ఎనిమిది మొదలు పదమూడు సెంటీమీటర్ల పొడవు. అడుగెత్తు చెట్టుకు అరచేతి ఆకులు వ్రేలాడుచుండగా చూచువానికి వృక్షమను భ్రాంతి కలుగునా? ఆకులు కొంత చిన్నవగుట నిజమే. కాని కణుపుల మధ్య దూరము, కొమ్మల మొరటుదనము అంత సులభముగా తగ్గవు. ఒకే కుటుంబమునకు చెందినంతమాత్రమున రెండు మొక్కలు ఒకే తీరుగా బ్రతుకునని వర్గీకరణశాస్త్రము ఎన్నడును చెప్పలేదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది అరువు తెచ్చుకొన్న పంచాంగము. 1957లో యూజీ యోషిమురా, జొవానా హాల్ఫర్డ్ కలిసి ఆంగ్లమున వెలువరించిన గ్రంథము, జపాను బయటివారికి ఈ కళను పద్ధతిగా నేర్పిన తొలి పుస్తకములలో నొకటి. అట్టి పుస్తకములు శీతల దేశముల ఋతువులనుబట్టి వ్రాయబడినవి. ఆకురాలిన చెట్లను వసంతారంభమున, మొగ్గ విచ్చకముందు తవ్వవలెనన్న సూత్రము అక్కడ సరియైనది. అక్కడ చెట్టు చలికి ఆకు రాల్చును. ఆకులలోని చక్కెరలు వేళ్ళకు, బెరడుకు చేరి పిండిపదార్థముగా నిలువయుండును. తవ్విన పిమ్మట వచ్చు దినములు చల్లనివి, తేమగలవి. ఆకులు పూర్తిగా విచ్చుకొనులోపల కొత్త వేళ్ళు పుట్టుటకు వ్యవధి చిక్కును.

హైదరాబాదులో ఈ సూత్రమును ఫిబ్రవరిలో అమలు జరిపినచో ఏమగునో చూడుడు. నెమలినార కూడ ఆ కాలమున ఆకు రాల్చి మోడుగా ఉండి, మోడు కొమ్మలపైననే పూయును. కాని దాని ఆకురాల్పుకు కారణము మంచు కాదు. నీటిని పొదుపు చేసికొనుట. వేసవి ముదురుచుండగా అది చిగురించునది లోతుకు దిగిన తల్లివేరు బలముచేతనే. తవ్వువాడు మొదట నరకునది ఆ తల్లివేరునే! కాండములోని నిలువ ఆహారముతో మొక్క పళ్ళెములో కొన్ని వారములు చిగురించును. అది చూచి యజమాని బ్రతికెనని సంతోషించును. చిగురు వేరునకు సాక్ష్యము కాదని అతనికి తోచదు. ఏప్రిల్, మే మాసములలో ఎండ నలుబది డిగ్రీలు దాటి బాష్పోత్సేకము హెచ్చగానే, నీరు అందించు వేళ్ళు లేక చిగురంతయు ఒక్కసారిగా వాడిపోవును. పుస్తకము తప్పు చెప్పలేదు. చదివినవాడు తన ఊరి వాతావరణమును చదువలేదు.

ఇట్లు ఎన్ని చెట్లు చచ్చుచున్నవో ఎవరికిని తెలియదు, ఏలయన ప్రదర్శనలో బ్రతికినదానినే ఉంచెదరు. చచ్చినదానిని ఎవరును ప్రదర్శింపరు. గెలిచినవానిని మాత్రమే చూచి పద్ధతి మంచిదని తీర్పు చెప్పుట శాస్త్రదృష్టి కాదు. పైగా బోన్సాయి ప్రియుడు కోరునది సామాన్యమైన మొక్కను కాదు. రాతిగుట్టపై పిడికెడు మట్టిలో ఏండ్ల తరబడి ఎండకు, మేకలకు ఓర్చి నిలిచినదానినే ఏరుకొనును. ఆ గుట్టపై మట్టిని పట్టి ఉంచునది కూడ అదియే. రిజర్వు అడవిలో అనుమతి లేక తవ్వుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. ఇతర భూములలోని చెట్లకు 2002 నాటి వాల్టా చట్టము వర్తించును. ఈ సంగతి పెంపకపు పుస్తకములలో సాధారణముగా ఉండదు.

ఇక గోడమీది రావిని చూడుడు. మర్రి, రావి, జువ్వి ఇవి ఎల్మ్‌కు దూరపు చుట్టములే, కుటుంబము వేరు. కాని జీవన విధానమున బోన్సాయికి దగ్గరివి. కాకులు, గోరువంకలు, గబ్బిలములు పండ్లు తిని విడిచిన గింజ చెట్టు తొఱ్ఱలోనో, రాతి సందులోనో మొలకెత్తుట వీనికి సహజము. లేతదశలోనే వేరు మొదలు ఉబ్బి నీటిని దాచుకొనును. పాత డంగుసున్నము నెమ్మును పట్టి ఉంచును గనుక గోడ సందు ప్రకృతి సిద్ధమైన పళ్ళెమే అగును. అక్కడ పదేండ్లు బ్రతికిన రావి, రాతిని కౌగిలించుకొన్న వేళ్ళతో, ఏ శిల్పియు తీర్చలేని రూపము పొందియుండును. పైగా దానిని తీసివేయుట కట్టడమునకు మేలు. వేరు లావెక్కినకొద్దీ రాళ్ళు విడిపోవును. అయితే పట్టి లాగరాదు. లాగిన వేరు తెగి లోపలిది మరల చిగుర్చును, లేక రాయియే ఊడి వచ్చును. యజమాని అనుమతితో, తాపీ మేస్త్రి చేత సున్నము విడిపించి, వేరును తీసిన పిదప సందు మరల పూడ్పించవలెను. జూన్ మాసమున తొలకరి పడి గాలిలో తేమ నిలిచిన పిమ్మటనే ఈ పని. కారు పాలను కడిగి, ఆకులను తగ్గించి, మొరుసు ఇసుక, ఇటుక నలుగు కలిపిన మట్టిలో నాటి, కొన్ని వారములు నీడలో ఉంచవలెను.

రూపము విషయమున మన బోన్సాయిలకు మరియొక దోషము. తీగ చుట్టి రావిని, చింతను జపాను దేవదారువలె వంచి, కొమ్మలను కిందికి దించి, మేఘములవలె పొరలు పొరలుగా తీర్చుచున్నారు. దేవదారు కొమ్మలు మంచు బరువుకు వంగును. తెలంగాణలో మంచు పడదు గదా! చింత కొమ్మలు గొడుగువలె పరచుకొనును. అఫ్జల్‌గంజ్ చింతను ఒక ఉదయము శ్రద్ధగా చూచి, కాండము ఎక్కడ చీలినది, ఏ కొమ్మ ఎంత దూరము సాగినది కాగితముపై గీసికొన్న విద్యార్థికి తీగ చుట్టుటకు ముందే సగము విద్య పట్టుబడును. చింతకు అడవికి పోవలసిన పని కూడ లేదు. గింజ ప్రతి ఇంటిలోను దొరకును. ఆకు సహజముగానే సన్నని చిట్టాకుల కూర్పు కనుక చిన్న చెట్టుకు అతికినట్లుండును. కొన్ని ఏండ్లు నేలలోనే పెంచి, కాండము లావెక్కిన తరువాత పళ్ళెమునకు మార్చవలెను. చీకటి పడగానే చిట్టాకులు ముడుచుకొనుట పళ్ళెములోను మానదు. ఒక్క చిక్కు మాత్రము ఉన్నది: పళ్ళెములో ఆకు చిన్నదగును గాని కాయ చిన్నది కాదు. మోకాలెత్తు చెట్టుకు జానెడు చింతకాయ వ్రేలాడును.