తాళం కప్పకు బొట్టు

మొన్న ఊరి నుంచి వచ్చేసరికి మా ఇంటి తాళం కప్పకు కుంకుమ అంటి ఉంది. గడప మీద ఇంకో బొట్టు. తెలియని వాళ్లయితే ఉలిక్కిపడేవారేమో. నాకు విషయం అర్థమైంది. గల్లీలో ఎవరింట్లోనో శుభకార్యం ఉంది. పిలవడానికి వచ్చారు, మేము లేము, ఇంటికే బొట్టు పెట్టి పోయారు. సంచీ దించకముందే ఎదురింటి ఆమె వచ్చి చెప్పింది: "మూలమీది ఇంటోళ్లు అక్కా. మనుమనికి పుట్టెంటికలు తీస్తున్నరు. నీకోసం రెండుసార్లు వచ్చి పోయిన్రు."

ఆ పిలుపు కార్డు వాట్సాప్‌లో నాలుగు రోజుల ముందే వచ్చింది. చూశాను, ఒక నమస్కారం బొమ్మ పంపి మరచిపోయాను. తాళం కప్ప చూశాక మాత్రం, వెళ్లకపోతే బాగుండదు అనిపించింది. కార్డు నా ఫోనుకు వచ్చింది, బొట్టు మా ఇంటికి వచ్చింది. రెంటికీ మధ్య రెండుసార్లు మెట్లెక్కిన మోకాళ్ల నొప్పి ఉంది.

మాది హైదరాబాద్‌లో బోరబండ. సైట్-1, సైట్-2, సైట్-3 అని అంకెలతో పిలుచుకునే బస్తీ. అమీర్‌పేట వాళ్లకు మేము దూరం, ఊరి వాళ్లకు మేము పట్నం. మా గల్లీలో పాలమూరు వాళ్లున్నారు, మెదక్ వాళ్లున్నారు, మేస్త్రీ పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఉండిపోయిన వాళ్లున్నారు. ఊరు వదిలి వచ్చేటప్పుడు మంచం, బిందెలతో పాటు ఎవరి మర్యాదలు వాళ్లు మూటగట్టుకుని తెచ్చుకున్నారు. అయితే అన్ని మర్యాదలూ ఒక్కలా ఉండవని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

పక్కవాటాలోకి గోదావరి జిల్లా నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య దిగారు. దిగిన రోజే ఎదురింటి పిల్ల పెరుగు గిన్నె పట్టుకెళ్లి, "తాతా, తిన్నవా?" అంది. మాస్టారి మొహం మాడిపోయింది. అంత చిన్నపిల్ల తనను "నువ్వు" అనడమా! ఆ పిల్లకేమో తాను చేసిన తప్పేమిటో తెలియలేదు. తెలంగాణ పల్లెలో మర్యాద క్రియాపదంలో ఉండదు, పిలుపులో ఉంటుంది. తాతా అన్నాక, అత్తా అన్నాక, బాపూ అన్నాక ఇంక "మీరు" ఎందుకు? అలా అంటే పరాయివాళ్లను చేసినట్టు. గోదావరి వైపు మర్యాద మాట చివర "అండీ" అయి కూర్చుంటుంది. అది లేకపోతే కొట్టినట్టుంటుంది. ఇద్దరూ మర్యాదస్తులే, ఒకరి మర్యాద ఒకరికి వినపడలేదు. ఆరు నెలలు గడిచేసరికి మాస్టారు గల్లీ మొదట్లోంచే "ఏమ్మా, తిన్నవా?" అని కేకేయడం మొదలుపెట్టారు. ఆ పిల్లేమో "తాతా, తిన్నవాండీ?" అనడం నేర్చుకుంది. అలాంటి వాక్యం ఏ వ్యాకరణంలోనూ లేదు, మా గల్లీలో ఉంది.

ఊరి మాటల్లో ఇంకో నేర్పుంది. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. పోతున్నాననరు, పోయొస్తానంటారు. బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగరు, "దూరమా?" అంటారు. కాలేజీ రోజుల్లో ఇవన్నీ మూఢనమ్మకాలని నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వను. "ఎక్కడికి?" అంటే అవతలి మనిషి లెక్క చెప్పాలి. ఆస్పత్రికో, అప్పుకో, బిడ్డ కాపురం చక్కబెట్టడానికో పోతుండొచ్చు. "దూరమా?" అంటే "దగ్గరే" అని తప్పుకునే దారి మిగులుతుంది. "బియ్యం నిండుకున్నయి వదినా" అని డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషికి ఆ ఒక్క మాట ఎంత ఆసరానో, నెలాఖరు తెలిసిన వాళ్లకే తెలుస్తుంది.

మరి గిన్నె సంగతి. మా ఇంట్లో అమ్మ పేరు కొట్టించిన స్టీలు గిన్నె ఒకటుంది. అది ఇంట్లో ఉండే రోజులకన్నా గల్లీలో తిరిగే రోజులే ఎక్కువ. సంక్రాంతికి సకినాలతో చివరింటి ఖాలా దగ్గరికి పోతుంది. రంజాన్‌కు షీర్ ఖుర్మాతో, పైన తెల్లటి గుడ్డ కప్పుకుని తిరిగొస్తుంది. మామూలు రోజుల్లో కూరతో పోయి కరివేపాకు రెమ్మతోనో, చారెడు చింతపండుతోనో వస్తుంది. ఏమీ లేకపోతే అడుగున చిటికెడు చక్కెరైనా ఉంటుంది. ఖాళీ గిన్నె మాత్రం రాదు. అది రుణం తీర్చడం కాదు. తీరిపోతే రాకపోకలు ఆగిపోతాయి కదా! ఆ చిటికెడు చక్కెర, రుణం కొంచెం మిగుల్చుకోవడానికి.

మర్యాద అనే మాటకు సంస్కృతంలో హద్దు అని అర్థం. పొలం గట్టులాంటిది. ఈ అర్థం మా గల్లీకి బాగా అతుకుతుంది. ఇక్కడ రెండిళ్లకు ఒకటే గోడ. అవతల దగ్గితే వినిపిస్తుంది, మొగుడూ పెళ్లాలు అరుచుకున్నా వినిపిస్తుంది. అయినా మర్నాడు నల్లా దగ్గర ఆ మాట ఎవరూ ఎత్తరు. "ఏం కూర వండినవ్?" అని మొదలుపెడతారు. రాత్రంతా ఏడ్చిన ఆమె "టమాట" అంటుంది. గోడ ఆపలేని దాన్ని ఆ ప్రశ్న ఆపుతుంది. నేను చూసిన మర్యాదలన్నింటిలో ఇదే పెద్దది. దీనికి పేరు కూడా లేదు.

ఇంతవరకు చదివి "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చకండి. ఊరి మర్యాదల మీద కన్నీళ్లు కార్చే వ్యాసాలంటే నాకు భయం. మా తాతల ఊళ్లో మర్యాద అంటే దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడవడం కూడా. "నీ బాంచెన్, కాల్మొక్త" కూడా. హోటల్లో కొందరికి వేరే గ్లాసు కూడా. పైవాడికి కిందివాడు చెల్లించే ఆ మర్యాద పన్నులాంటిది, తిరిగి రాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాక రగిలిన తెలంగాణ సాయుధ పోరాటం భూమి కోసం, వెట్టికి వ్యతిరేకంగా సాగింది. నడుము వంగిన ఆ మాటకూ వ్యతిరేకంగా సాగిందని నేననుకుంటాను. బాంచెన్ పోయినందుకు ఎవరూ విచారించనక్కర్లేదు.

బొట్టుకూ ఆ మచ్చ ఉంది. నాన్న పోయిన తర్వాత మా అమ్మను దాటి నాకు బొట్టు పెట్టి పిలిచి పోయేవాళ్లు. అమ్మ లోపలి గదిలోకి జరిగేది, పని ఉన్నట్టు. ఒకసారి పాలమూరు ఆమె, గల్లీ అంతా భయపడే మనిషి, బిడ్డ పెళ్లికి పిలవడానికి వచ్చి నేరుగా లోపలికే పోయింది. అమ్మ చేయి పట్టుకుని, "నీకే చెప్తున్న వదినా, నువ్వు రాకుంటే నేను పందిట్ల కూసోను" అంది. బొట్టు పెట్టిందా లేదా నాకు కనిపించలేదు, ఆమె వీపు అడ్డం ఉంది. అమ్మ మాత్రం ఆ పెళ్లికి పట్టుచీర తీసింది. పాత మర్యాదను నిలబెట్టడమంటే ఉన్నదున్నట్టు మోయడం కాదని ఆ రోజు తెలిసింది. ఎక్కడ నొప్పి పెడుతుందో అక్కడ విప్పి, మళ్లీ కుట్టాలి.

నాయకుల మర్యాద సంగతి చెప్పకపోతే వాళ్లు నొచ్చుకుంటారు. 2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది, మా బస్తీ అందులోదే. అంతకుముందు కొన్నాళ్లు గల్లీ నిండా అన్నలు, తమ్ముళ్లు, ఆడబిడ్డలే. ఇన్ని వరసలు మా పెళ్లిళ్లలో కూడా కలవలేదు. కౌంటింగ్ అయ్యాక వరసలు మళ్లీ మామూలుకు వచ్చాయి.

అసలు దిగులు వేరే. బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే లింగంపల్లి వైపు తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. మా గల్లీ ఆడవాళ్లు కొందరు ఆ వైపు అపార్టుమెంట్లలో ఇంటిపనికి పోతారు. ఒకసారి తెలిసినవాళ్లను చూడటానికి నేనూ పోయాను. లిఫ్టు పక్కన బోర్డు: పనివాళ్లు, డెలివరీ వాళ్లు ఈ లిఫ్టు వాడరాదు, వెనక లిఫ్టు వాడాలి. ఏ మాటా కటువుగా లేదు, చివర "దయచేసి" అని కూడా ఉంది. లోపల వంటగది కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. మంచినీళ్లు తీసుకోబోతూ దానికేసి చేయి చాపాను. ఇంటావిడ కంగారుగా ఆపింది: "అయ్యో, అది పనమ్మాయిది."

బస్తీ ఊరి నుంచి పక్కింటి మర్యాద తెచ్చుకుంది. పక్క స్టేషన్ దగ్గరి అద్దాల మేడ గడి మర్యాద తెచ్చుకుంది. చెప్పులు చేతపట్టుకోమని ఎవరూ అనడం లేదు. వెనక లిఫ్టు ఎక్కమంటున్నారు, అంతే తేడా.

మీ ఇంట్లో పనిచేసే మనిషిని వదినా, అక్కా అని వరస కలిపి పిలవమని నేను అడగను. అలవాటు లేని నోటికి అది నటనలా ఉంటుంది. బొట్టు పెట్టమని కూడా అనను. ఈరోజు వంటగదిలోకి పోయి ఆ కిటికీ గట్టు మీది గ్లాసు తీసి మిగతా గ్లాసుల్లో కలిపేయండి. ఏది ఎవరిదో మీకు కూడా తెలియకుండా కలపండి. తర్వాత ఆమె వచ్చినప్పుడు "తిన్నవా?" అని అడగండి. "తిన్న" అనే అంటుంది, మొదటిసారి ఎవరైనా అలాగే అంటారు. రెండోసారి అడగండి.