వంశచరిత్రసభలు - ఉపన్యాసప్రతిపాదనములు

వంశచరిత్రలే విషయముగా మహాసభలు జరుపుట అమెరికాదేశమునఁ బాదుకొనిన యాచారము. 1903వ సంవత్సరమున నేర్పడిన యచ్చటి జాతీయవంశచరిత్రసంఘము మొదలగునవి సభాదినములకుఁ బెక్కునెలల ముందే ప్రతిపాదనములు పంపుఁడని యుపన్యాసకులను గోరును. ఉపన్యాసమునకుఁ బేరు, కొలఁదిమాటలలో విషయసంగ్రహము, శ్రోతలు ప్రారంభకులో ప్రౌఢులో యను నిర్దేశము ప్రతిపాదనమునందుండవలెను. ఉపన్యాసము నెవ్వరును వినకముందే యా పత్రము పరీక్షకుల చేతఁ బడును. కావున వక్త తాను దేనిని నిరూపింపఁబోవుచున్నాఁడో ముందు తనకుఁ దాను జెప్పికొనక తప్పదు. ఈ యొక్క గుణముచేత నా పద్ధతి తెలుఁగు పరిషత్తులకును గ్రహింపఁదగినది.

తెలుఁగునాఁట వంశచరిత్రోపన్యాసములకుఁ గొఱఁత లేదు, కొఱఁత ప్రశ్నయందే. "వేంగీచాళుక్యవంశచరిత్ర" యనియో, "కాకతీయవంశచరిత్ర" యనియో పేరు పెట్టి, మూలపురుషునితో మొదలిడి కడపటివానితో ముగించుట పరిపాటి. ఇది విషయసూచికయే కాని ప్రతిపాదనము కాదు. అడిగిన ప్రశ్న లేనిచోట వచ్చిన సమాధానము సరియో కాదో తేల్చుటకు మార్గము లేదు. వంశవృక్షమునఁ గొమ్మలను లెక్కించుటకంటె, ఏ కొమ్మ యెక్కడ నంటుకట్టఁబడినదో చూచుట మేలు.

వేంగీచాళుక్యుల తామ్రశాసనములనే చూడుఁడు. కుబ్జవిష్ణువర్ధనుఁడు 18 ఏండ్లు, ఇంద్రభట్టారకుఁడు ఏడుదినములు, కొక్కిలి ఆఱునెలలు అని దినములతోఁ గూడ లెక్క చెప్పు రాజవంశావళు లీ దేశమున నరుదు. ఆ నిష్కర్షను జూచి చదువరి సర్వమును నమ్మును. కాని మొదటి జయసింహునకుఁ గొన్ని శాసనములు 30 ఏండ్లును, మఱికొన్ని 33 ఏండ్లును జెప్పుచున్నవి. రెండవ విజయాదిత్యునకు 40, 44, 48 అని మూఁడు లెక్కలు గలవు. ఇది లేఖకప్రమాదమా? యౌవరాజ్యకాలము కలిసిన లెక్కయా? ఒక సాయంకాలపు టుపన్యాసమున కీ ప్రశ్న చాలును.

ఇంతకంటె ఘనమైనది దానార్ణవుని పిమ్మటి కథ. క్రీ. శ. 973లో నతఁడు హతుఁడైన తరువాత వేంగీదేశము దైవదుర్విపాకముచే 27 ఏండ్లు నాయకుఁడు లేక యుండెనని పిదపటి చాళుక్యశాసనములు పలుకును. ఆపైని దానార్ణవుని కొడుకగు శక్తివర్మ రాజయ్యెను. రాజు లేని దేశ మిరువదియేడేండ్లు నిలుచునా? ఆ కాలమున వేంగి నేలినవాఁడు జటాచోడభీముఁడు. దానార్ణవునిఁ జంపినవాఁడు నతఁడే. కాంచీపురమునఁ గైలాసనాథాలయమునందలి శాసన మతనిఁ బ్రశంసించుచున్నది. చాళుక్యలేఖకుఁడు బొత్తిగా నసత్యము వ్రాసెననరాదు. తన కులమువాఁడు గద్దెమీఁద లేఁడు గావున రాజే లేఁడనెను. ఒక వంశావళి శూన్యమని విడిచినచోట వేఱొక శిల మాటాడుచున్నది. వంశచరిత్ర యను సామాన్యనామము క్రింద నీ కాల మొక వాక్యముతో దాఁటిపోవును. "అరాజకమనఁబడిన యిరువదియేడేండ్లు" అని ప్రతిపాదించినచో నదియే యుపన్యాస మగును.

వంశాదియు నిట్లే. తొలినాళ్ల శాసనములు మానవ్యసగోత్రులు, హారీతీపుత్రులు అని చెప్పి యూరకుండును. విమలాదిత్యుని రణస్తిపూఁడి శాసనమునను, రాజరాజనరేంద్రుని కోరుమెల్లి శాసనమునను వంశము బ్రహ్మ, అత్రి, చంద్రుఁడు, బుధుఁడు అను క్రమమున దిగివచ్చును. అయోధ్య నేలిన 59 మంది చక్రవర్తులును, త్రిలోచనపల్లవునితోఁ బోరి మడిసిన విజయాదిత్యుఁడును, గర్భవతియగు వాని రాణిని ముదివేమున గాపాడిన విష్ణుభట్టసోమయాజియుఁ గానవత్తురు. 1009 నాఁటి కౌఠెం శాసనమునఁ బశ్చిమచాళుక్యులును అయోధ్యలోని 59 మందినే చెప్పుకొనిరి. రెండుశాఖలవారు నించుమించుగా నొకే తరమున నీ కథను జేపట్టుటకుఁ గారణమేమి? విమలాదిత్యుఁడు చోళరాజరాజుని కూఁతురగు కుందవ్వను బెండ్లాడినవాఁడు. చోళులు సూర్యవంశము చెప్పుకొనువారు. వియ్యపువారి యెదుటఁ జంద్రవంశము కావలసివచ్చెనని యూహింపవచ్చును. అయినను ఆ యూహ చోళులకు బద్ధవైరులైన పశ్చిమచాళుక్యుల విషయమునఁ జాలదు. ఉపన్యాసకుఁ డిచ్చట నాఁగి యాలోచింపవలెను.

అట్లని పురాణవంశావళిని గని నవ్వుటయుఁ దగదు. ధనము గైకొని, లేని యాధారములఁ గల్పించి, అమెరికా ధనికులకు వంశవృక్షముల నమ్మిన గుస్తావ్ అంజూ (1863-1942) పని వేఱు, ప్రశస్తికవి పని వేఱు. అంజూ వ్రాఁతను గొన్నవాఁడు మోసపోయెను. ప్రశస్తికవి యనుసరించినది సభవారెల్ల రెఱిఁగిన మర్యాద. ఆ దేశముననే డొనాల్డ్ లైన్స్ జాకబస్ (1887-1970) కల్పితవంశావళులను ఖండించి, తండ్రికిఁ గొడుకునకు నడుమఁ జెప్పు ప్రతిసంబంధమునకు నాధారము చూపవలెనని పట్టుపట్టెను. ఆ పట్టుదల యిచ్చటను గావలసినదే.

పురుషులతోనే వృక్షమును గీయుట మఱియొక లోపము. రాజరాజనరేంద్రుఁడు రాజేంద్రచోళుని కూఁతురు అమ్మంగదేవిని బెండ్లాడెను. వారి కొడుకు 1070లోఁ జోళసింహాసన మెక్కి కులోత్తుంగుఁడయ్యెను. తండ్రిదారిని జూచిన నతఁడు చాళుక్యుఁడు; తల్లిదారి చూపని పట మా మార్పును జెప్పఁజాలదు. గణపతిదేవుని కూఁతురగు రుద్రమదేవిని మార్కోపోలో భార్యగాఁ దలఁచుటయు నిట్టి చిక్కే.

పాఠశాలాపండితులకుఁ జేరువలోని సాధనము కావ్యావతారిక. శ్రీనాథుఁడు భీమేశ్వరపురాణమును బెండపూఁడి అన్నయమంత్రికిని, హరవిలాసమును అవచి తిప్పయసెట్టికిని, కాశీఖండమును వీరభద్రారెడ్డికిని నంకిత మిచ్చెను. మంత్రి, వర్తకుఁడు, రాజు ఈ మువ్వురి వంశములను ఒకే కవి యెట్లు వర్ణించెను? ఎవరి వంశమున నెన్ని తరములు చెప్పెను? ఎక్కడఁ బేళ్లుండి యెక్కడఁ బొగడ్త మాత్ర ముండెను? కృతిపతి తండ్రిని, తాతను వర్ణించునపుడు వారిని గన్నవారో, వారిమాట విన్నవారో సభలో నుందురు; అచ్చటఁ బొగడ్త పెరుగును గాని పేరు మాఱదు. అంతకు వెనుకటి తరములకు నా కట్టు లేదు. తాళపత్రములు వెదకనక్కఱ లేకయే యే యుపాధ్యాయుఁడైన నీ విషయమును బ్రతిపాదింపవచ్చును.

శాసనము నాధారముగాఁ గొనువాఁడు మాత్ర మొకటి తెలుపవలెను. తాను జూచినది రేకుల ప్రతిబింబమా, ముద్రితపాఠమా, లేక మఱియొకరి గ్రంథమున నుదాహరింపఁబడిన వాక్యమా? 30, 33 అను భేదము రేకులలోనిదో, అచ్చులోఁ బుట్టినదో యప్పుడు గాని తేలదు.