జిజ్ఞాసకు వేళ

మానవుడు ఎల్లవేళల ఆత్మను గూర్చి ఆలోచింపడు. సంసారము నిలుకడగా సాగుచున్నంత కాలము పురాణశ్రవణము సైతము అతనికి ప్రొద్దుపుచ్చు సాధనమే. ఆప్తమరణము, వార్ధక్యము, వియోగము, పదవీచ్యుతి మున్నగు మలుపులలో నిలిచినప్పుడు పలుమారులు విన్న మాటయే క్రొత్తగా వినబడును. ప్రాచీన కవులు ఈ సత్యము నెరిగినవారు. దీనిని వారెంత జాగరూకతతో వినియోగించిరో నేటి కథకులు గమనింపవలసి యున్నది.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు గృహమును వీడిపోవుచు ఉన్న ఆస్తిని భార్యలిరువురకు పంచబూనినప్పుడు గాని మైత్రేయికి ప్రశ్న పుట్టలేదు. ధనముచే అమృతత్వము లభించునా యని ఆమె అడిగెను. భాగవతమున పరీక్షిత్తు, ఏడు దినములలో మరణము తప్పదని తెలిసిన పిమ్మట రాజ్యమును వీడి గంగాతీరమున కూర్చుండెను. మరణమున కాయత్తమైనవాడు చేయదగిన దేమని అతడే అడిగెను. శుకుడు యదృచ్ఛగా సంచరించుచు అచ్చటికి వచ్చినవాడు. రాజు కష్టమును వెదకికొని వచ్చినవాడు కాడు. పోతన తెనిగించిన మహాగ్రంథమంతయు ఆ ఏడు దినముల గడువుపై నిలిచియున్నది. ఈ రెండు తావులందును ప్రశ్న శ్రోతదే.

ఉపదేశము యొక్క శక్తిని చాటిన భారతమే దాని పరిమితిని కూడ దాచలేదు. అంపశయ్యపై నుండి భీష్ముడు రెండు పర్వముల పొడవున ధర్మరాజునకు ధర్మములు బోధించెను. ఐనను ఆ భీష్మునకే జలతర్పణ మొనర్చి గంగ ఒడ్డు చేరిన ధర్మరాజు మరల శోకముచే కూలబడెను. విన్నదంతయు వ్యర్థమాయెనా యని వ్యాసుడు మందలింపవలసి వచ్చెను. ఆ అశ్వమేధపర్వమునందే మరియొక ఘట్టము కలదు. యుద్ధము ముగిసినది, కృష్ణుడు ద్వారకకు మరలనున్నాడు. కురుక్షేత్రమున విన్నది మరచితిననియు, మరల చెప్పుమనియు అర్జునుడు వేడెను. నాడు యోగయుక్తుడై పలికిన దానిని అట్లే మరల పలుకుట తనకును శక్యము కాదని కృష్ణుడు మందలించి, అనుగీతగా ప్రసిద్ధమైన వేరొక బోధకు ఉపక్రమించెను. రెండు సేనల నడుమ వణకిన అర్జునుడు వేరు, సభలో సుఖాసీనుడైన అర్జునుడు వేరు. మలుపు చెవిని తెరచును. ఆ చెవి ఎల్లకాలము తెరచియుండదు. ఇంతటి విషయమును తన మహోపదేశమునకే వర్తింపజేసి చెప్పుట వ్యాసుని నిజాయితీకి గుర్తు.

ఆధునికులలో ఈ నిజాయితీ కన్నడ రచయిత యు.ఆర్. అనంతమూర్తి 1965లో ప్రకటించిన ‘సంస్కార’ నవలలో కనబడును. నారణప్ప శవమునకు సంస్కారము చేయదగినవా డెవరో ప్రాణేశాచార్యునకు ఏ గ్రంథమును చెప్పలేదు. భార్యయు మరణించిన పిమ్మట అగ్రహారమును వీడి నడచుచున్న ఆ పండితునకు మార్గమున తటస్థించినది గురువు కాదు. వాగుడుకాయ యైన పుట్టడు. పుట్టడు తత్త్వమెరుగడు. అతడు జాతరకును, కోడిపందెములకును వెంటబెట్టుకొని పోవుచుండగా ఆచార్యుడు తన్ను తానే ప్రశ్నించుకొనును. నవల తీర్పు చెప్పకయే ముగియును.

తెలుగు కథలలో తరచుగా దీనికి విపరీతమైన పద్ధతి కానవచ్చుచున్నది. భర్తను కోల్పోయిన స్త్రీ ఎదుటనో, ఉద్యోగము విరమించిన తండ్రి ఎదుటనో ఒక స్వామి ప్రత్యక్షమగును. మూడు పుటలు ఉపన్యసించును. వినినవారు కన్నీరు తుడుచుకొని శాంతింతురు. ఇది శిల్పలోపము మాత్రమే కాదు. దుఃఖితుడు ఎదురాడు శక్తి లేనివాడు. రచయిత ఆ అశక్తతను తన అభిప్రాయమునకు వాహనముగా చేసికొనుచున్నాడు. పాత్ర అడుగని ప్రశ్నకు సమాధానమిచ్చుచున్నాడు. పాఠకుడు ఆ శాంతిని విశ్వసింపడు.

మైత్రేయి అట్లు శాంతింపలేదు. మరణానంతరము సంజ్ఞ లేదని భర్త పలికినంతనే, ఈ మాటతో తన్ను మోహములో పడద్రోసితివని ఆమె ఎదుటనే చెప్పెను. యాజ్ఞవల్క్యుడు కోపింపక, తన మాటను మరల వివరింపబూనెను. ఉపనిషత్తు ఆ అభ్యంతరమును తొలగింపక నిలుపుకొన్నది. దుఃఖితుని ముందు బోధకుని నిలుపబూనిన రచయిత, ఆ దుఃఖితునకు అట్టి మాట పలుకు చోటు మొదట కల్పింపవలెను.